ఫర్లాంగుకు పదిహేను

రాజపాళయం,
29 నవంబరు 1953, ఆదివారం.

చి.ల.సౌ. పొన్నమ్మాళ్‌కు నీ బావ అళగిరి ఆశీర్వదించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, మామ, అత్త, నీ తమ్ముడు అంతా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. బోడిలో వాన ఆగిందని రాశావు. ఇక్కడ ఇంకా ఆగలేదు. ఈ కాగితం మీద అక్కడక్కడ మచ్చలు కనిపిస్తే అవి చూరు నీళ్ళే, వేరే ఏమీ అనుకోకు.

నేను తెలుగులో రాస్తే చదవడానికి రావడం లేదని నీ తమ్ముడు కోపగించుకున్నాడన్నావు. పోనీలే. ఇళ్ళలో అందరం తెలుగే మాట్లాడతాం, చదవబోతే అరవమే. మా తాత నాకు ఇసుకలో దిద్దించిన అక్షరాలు, పెళ్ళయిన కొత్తలో నేను నీకు పలక మీద దిద్దించాను. ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నేను ఒకరికి చెప్పిన చదువు అదొక్కటే. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. తర్వాత ఎవరికి ఏం చెప్తావో నీ ఇష్టం.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. మూడింటికి ముందు జవాబు రాస్తాను. నాలుగోది చివర్లో.

దగ్గు తగ్గింది. పాప్పమ్మాళ్ అక్క మెస్సులోనే తింటున్నాను. రోజూ మిరియాల రసం పోసి ఎదురుగా నిలబడుతుంది. "ఏమిరా, రెండు ఇడ్లీ తిని లేస్తావు? రేపు పొన్ను వచ్చి నా మొగుణ్ణి ఎండబెట్టినావే అని నన్ను అడగదా? కూర్చో, ఇంకొకటి తిను" అంటుంది. కూర్చుని తింటున్నాను. పెంకులు మార్చలేదు. ఇంటాయన వానలు పోనీ అంటున్నాడు. నీ పెద్ద ఇత్తడి గిన్నె గది మధ్యలో కారే చోట పెట్టాను. నువ్వు అడగలేదు కానీ, ములగచెట్టుకు గొంగళి పురుగులు పట్టాయి, పొగ వేశాను, చెట్టు బతికింది.

ఇక కారు. వివరంగా రాయమన్నావు. ఫ్యాక్టరీలో పత్తి గింజ తీసే మిషన్లన్నిటికంటే, వాటి యజమాని అయిన మా మొదలాళి బాలగోపాల రాజాకు ఇప్పుడు ఈ కారంటేనే ప్రాణం. మిరపపండు ఎరుపు. రెండే సీట్లు. వెనక సీటు ఎక్కడరా అని ఊరంతా వచ్చి వెనక్కు తిరిగి వెతుకుతారు. చక్రాలకు సైకిలుకు ఉన్నట్టు పుల్లలు. ఒక్కో చక్రానికి ఒకటే నట్టు, దానికి రెక్కలు, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఊడి వస్తుంది. ముందు అద్దాన్ని బానెట్టు మీదికి పడుకోబెట్టవచ్చు. అప్పుడు గాలీ దుమ్మూ నేరుగా ముఖానికే, అందుకు మొదలాళి నాకు పెద్ద కళ్ళద్దాలు కొనిచ్చాడు. సీటు ఎంత కిందికంటే, బండి పక్కన పోతుంటే ఎద్దు కడుపు కనిపిస్తుంది, ముఖం కనిపించదు. ఇంజను వేడికి పాదాలు కాలతాయి, వాన పడితే తల తడుస్తుంది. ఒకే మనిషికి రెండు కాలాలు.

గూడ్సు బండిలో వచ్చిన రోజు స్టేషన్ నుంచి నేనే నడిపాను. మొదలాళి పక్కన కూర్చుని కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాడు. పెట్రోలు తొక్కగానే అది పులిలాగ ఎగిరింది. నా ఒళ్ళంతా జిల్లుమంది.

"నిలుపు, నిలుపు! మొదటి వెయ్యి మైళ్ళు ముప్పైకి పైన పోకూడదని రాసుండారు అళగిరీ. ఇంజను లోపల అంతా మెల్లగా సర్దుకోవల్లంట."

"దానికి ఎద్దుల బండి కొనుండవచ్చునే మొదలాళి."

"ఆ ఓపిక నాకు లేదప్పా. నువ్వు తిప్పు. వెయ్యి అయినాక నేను ఎక్కుతాను."

నాకు నవ్వొచ్చింది. బస్సులో క్లీనరు, టూరింగ్ టాకీసులో జనరేటరు, సత్రపట్టిలో తోట కాపలా అంటూ మూడేళ్ళలో ఆరు పనులు వదిలేసి వచ్చినవాడు నేను. ఓపిక లేదనే కదా మామ వచ్చి నిన్ను తీసుకెళ్ళాడు. "ఒక ఏడాది ఒక చోట నిలిచి చూపించరా, తర్వాత కూతుర్ని పంపిస్తాను" అన్నాడు. నువ్వు పెట్టె తీసుకుని ఆయన వెనకాల నడిచావు. అలాంటి నా చేతికి ఈ జిల్లాలోకెల్లా వేగంగా పోయే కారిచ్చి, మెల్లగా పోరా అన్నారు.

పోయాను. పొద్దున మంసాపురం, మధ్యాహ్నం సత్రపట్టి, చోళపురం. రోజుకు ముప్పై నలభై మైళ్ళు. సాయంత్రం మొదలాళి మీటరు చూసి తల ఊపేవాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే స్ప్రింగులు ఒక వైపుకే కుంగుతాయని మా ఫిట్టరు బాలుసామి అన్న పత్తి విత్తనాల మూట ఒకటి ఎక్కించిన సంగతి పోయిన ఉత్తరంలో రాశాను కదా. చోళపురం టీ కొట్టు దగ్గర ఏం జరిగిందో అప్పుడు రాయలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఆ మూటను చూసి ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు.

"ఏమి అళగిరీ, పెండ్లాము వచ్చేసినాదా? బాగా బలిసిందే!"

"పావం, మాట్లాడను కూడా మాట్లాడదు!"

"మాట్లాడకుంటే మంచిదే. దీన్నే పెట్టుకో అప్పా, అలిగి పుట్టింటికి పోదు."

నేనూ నవ్వాను. ఊరు దాటాక నవ్వు ఆగింది.

ఇంకొకటి కూడా రాయాలి. ఒక రోజు మంసాపురం దాటాక వాన పట్టుకుంది. ఈ కారు టాపు కాన్వాసు గుడ్డ, వెనకాల మడిచి ఉంటుంది. అది వెయ్యాలంటే ఇద్దరు కావాలి. ఒకరు అటు పట్టుకుంటే ఇంకొకరు ఇటు లాగి బొత్తాలు పెట్టాలి. నేను ఇటు బొత్తాం పెట్టి అటు పరిగెత్తితే ఇటు లేచిపోయేది. మూడుసార్లు చుట్టూ తిరిగాను. చూస్తే రోడ్డు మీద మనిషి అన్నవాడు లేడు. చివరికి ఆ గుడ్డ తీసి మూట మీద కప్పాను, విత్తనం తడిస్తే మొలకెత్తుతుందని. నేను స్టీరింగు పట్టుకుని తడుస్తూ కూర్చున్నాను. ఇంగ్లండులో ఈ కారు చేసినవాడు ఒంటరిగా పోయేవాడు ఒకడుంటాడని తలుచుకోలేదు.

ఇక నాలుగోది. నువ్విలా రాశావు: "పదిహేడో తేదీ మంగళవారం మా వీధిలో ఒక ఎర్ర కారు వచ్చింది. పిల్లలు దాని వెనక పరిగెత్తారు. పక్క సీట్లో గోనె మూట ఉంది. డ్రైవరు తలకు తుండు, కళ్ళకు అద్దాలు. నిలవకుండా పోయింది. నువ్వేనా?"

నేనే, పొన్నూ.

మొదలాళి రెండు రోజులు మద్రాసు పోయాడు. మంగళవారం పొద్దున నేను డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి మీటరు వైరు నట్టు పట్టకారుతో విప్పేశాను. అప్పుడు మైళ్ళు తిరగవు. పెట్రోలు నేనే కొని పోసుకున్నాను. శ్రీవిల్లిపుత్తూరు దాటాక గుర్తొచ్చింది, ఆ వైరు లేకపోతే వేగం చూపించే ముల్లు కూడా కదలదని. ముప్పై దాటానో లేదో ఎలా తెలుస్తుంది? రోజూ మీటరు ముప్పై చూపించేటప్పుడు ఊరికే ఉండలేక ఫర్లాంగు రాళ్ళ మధ్య అంకెలు లెక్కపెట్టడం నాకు అలవాటు. రాయి నుంచి రాయికి సరిగ్గా పదిహేను. అలాగే లెక్కపెట్టుకుంటూ పోయాను. పన్నెండుకే రాయి వచ్చేలా ఉంటే కాలు తీశాను. ఉసిలంపట్టి, తేని, బోడి. పోను ఎనభై ఐదు మైళ్ళు, రాను ఎనభై ఐదు. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు, అయినా ముప్పై దాటలేదు. ఇది నువ్వు నమ్మాలి.

మీ వీధి మలుపు తిరిగాను. నువ్వూ అత్తా అరుగు మీద చేటల్లో ఏలకులు ఏరుతున్నారు. మామ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అత్త ఏదో అంది, నువ్వు తల వెనక్కు వేసి నవ్వావు. నువ్వు ఏడుస్తూ కూర్చోవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. కానీ నేను లేని చోట కూడా ఆ నవ్వు అలాగే ఉందని చూశాక కాలు బ్రేకు మీదికి పోలేదు. మామ కళ్ళజోడు పైకెత్తి చూశాడు. దిగితే ఆయన అడిగే మాట నాకు తెలుసు: "ఏమిరా, ఇదీ వదిలేసినావా?" లేదు మామా, నిలబడి ఉన్నాను అని చెప్పాలి, దొంగతనంగా తెచ్చిన కారు పక్కన నిలబడి. నువ్వు కూడా తలెత్తావు. కారును చూశావు. నన్ను చూడలేదు.

ఊరవతల వంతెన దగ్గర ఆపి రేడియేటరులో నీళ్ళు పోశాను. అరగంట ఆ వంతెన గోడ మీదే కూర్చున్నాను. తర్వాత పదిహేను, పదిహేను అనుకుంటూ తిరిగి వచ్చేశాను.

పోయిన గురువారం మీటరులో వెయ్యి నిండింది. ఆయిలు మార్చడానికి బాలుసామి అన్న కారు కింద, డాష్‌బోర్డు కింద అంతా చూసి బయటికి వచ్చాడు. వేలు తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు.

"కొత్త బండికి మీటరు నట్టు మీద పట్టకారు పల్ల గాటు ఎట్లా పడిందిరా?"

నేను ఆయిలు డబ్బా మూత బిగించడం మొదలుపెట్టాను.

"ఎక్కడికి పోయినావు?"

"బోడికి."

"పెండ్లాము దగ్గరికా? థూ, దానికి నన్ను అడిగుంటే నట్టు మీద గుడ్డ చుట్టి విప్పమని చెప్పుండనా!" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "సరి. ఆకురాయి పెట్టి నున్నగా చేసేస్తాను. ఎవరికీ తెలీదు. మాసి నెల దాకా నోరు మూసుకొని ఉండు. నీ ఏడాది అయిపోతాది."

ఆయన చెప్పింది నిజమే. ఇంకా మూడు నెలలు కూడా లేవు. కానీ నీ ఉత్తరం అప్పటికి మూడు రోజులుగా నా జేబులో ఉంది. 'నేను కాదు' అని రాసి చూశాను. నాలుగు కాగితాలు చింపాను. నేను దిద్దించిన అక్షరాలతోనే నీకు అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. అలాగని నీకు నిజం రాసి, మొదలాళి దగ్గర దొంగగా ఉంటే, నువ్వు కూడా నా దొంగతనాన్ని దాచాల్సి వస్తుంది. దాన్ని మోసుకుంటూ నువ్వు మాసిలో నా దగ్గరికి రావాలి. అది వద్దనిపించింది.

శుక్రవారం పొద్దున మొదలాళి కొత్త చొక్కా వేసుకుని కారు దగ్గరికి వచ్చాడు. మొదటిసారి తాను నడపడానికి. నేను ఎదురుగా పోయి నిలబడి మొత్తం చెప్పేశాను. ఆయన ముఖం నల్లబడింది.

"ఎంత స్పీడులో పోయినావు?"

"ముప్పై."

"ముల్లు లేకుండా నీకెట్లా తెలిసినాది?"

"ఫర్లాంగు రాయికి పదైదు లెక్కబెట్టినాను మొదలాళి."

"బోడి దాకానా?"

"ఆమాం. మళ్ళా వచ్చేటప్పుడు కూడా."

బానెట్టు మీద చెయ్యి ఆనించాడు. "పెండ్లాము ఏమి చెప్పినాది?"

"మాట్లాడలేదు మొదలాళి. చూసి వచ్చేసినాను."

"అంత దూరం పోయి మాట్లాడకుండా వచ్చినావా? నిన్ను కొట్టల్లనా, ఏడవల్లనా నాకే తెలీలేదు." చెయ్యి చాచాడు. "సావి ఇట్లియ్యి. ఈ బండిని మాత్రమే కాదు, నా బండి దేన్నీ ఇంక ముట్టుకోవద్దు. ఇంజను రూములో ఆయిలు పోసే మనిషి లేడు. ఉంటే ఉండు, పోతే పో."

తాళంచెవి ఇచ్చాను. మూట దింపేశాడు, కారెక్కాడు, గేటు దాటాడు. శ్రీవిల్లిపుత్తూరు రోడ్డు మీద అది అరిచిన అరుపు ఇక్కడిదాకా వినపడింది. ముప్పై మైళ్ళ దగ్గర దాని గొంతు నాకు తెలుసు. ఇది వేరే గొంతు. నేను ఒక్కసారైనా వినని గొంతు.

ఇంతకు ముందు ఆరుసార్లూ ఇలాంటి మాట పడగానే తుండు దులుపుకుని బయటికి నడిచాను. ఈసారీ తుండు చేతిలోకి వచ్చింది. గేటు తెరిచే ఉంది. దాన్ని మళ్ళీ భుజాన వేసుకుని, మేనేజరు గదికి పోయి, "ఇంజను రూముకు ఎన్ని గంటలకు రావల్ల?" అని అడిగాను. ఆరుకు అన్నాడు.

నిన్న శనివారం మొదటి రోజు. ఆ ఇంజనును నేలకు బోల్టులు వేసి బిగించారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తిరుగుతుంది, ఎక్కడికీ పోదు. పావుగంటకొకసారి నూనె పోయాలి. ఆ చప్పుడులో పక్క మనిషి మాట వినపడదు, పక్కన మనిషీ లేడు. మధ్యాహ్నానికి పారిపోదామా అనిపించింది. సాయంత్రం దాకా ఉన్నాను. రేపు మళ్ళీ పోతాను.

మామకూ అత్తకూ నా దండాలు చెప్పు. మామ ఏడాది అన్నాడు. నాకు తొమ్మిది నెలల పైన అయింది. ఫ్యాక్టరీ అదే, మొదలాళి అదే, పని వేరు. ఆయన దీన్ని పాత పనిగానే లెక్క వేస్తాడో, ఎనిమిదో పని అంటాడో నాకు తెలియదు. అడుగు. కారు సంగతి దాచి అడగవద్దు, చెప్పే అడుగు. ఎనిమిదోది అంటే నేను వాదించను. నిన్నటి నుంచి మళ్ళీ ఏడాది నిలబడతాను. అంతవరకు నువ్వు ఆగుతావా అన్నది మాత్రం మామ చెప్పాల్సింది కాదు. అది నువ్వు రాయి.

ఇట్లు,
నీ బావ
అళగిరి