మొవ్వలో ఒకసారి దిగుదామండీ

కృష్ణా జిల్లా నాగాయలంక కాపురస్తుడు, రిటైరైన బస్సు డ్రైవరు, డెబ్భై ఒక్కేళ్ళ వయసు గల దారా ఏసుపాదం అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాయించుకున్న వీలునామా ఇది. ఎడమ చెవి వినిపించదు గాని బుద్ధి మందగించలేదు. అవనిగడ్డ నుంచి గుడివాడ వెళ్ళే బస్సు ఏ స్టాపులో ఎన్ని నిమిషాలు ఆగేదో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ రూటులో ఇరవై తొమ్మిదేళ్ళు బండి నడిపాను. చల్లపల్లి, మొవ్వ, పామర్రు రోజూ దాటాను. వాటిలో నాకు తెలిసింది బస్టాండూ, టీకొట్టూ మాత్రమే. పెళ్ళైన కొత్తలో నా భార్య సువార్తమ్మ నా బస్సులోనే కూర్చుని, "మొవ్వలో ఒకసారి దిగుదామండీ" అంది. "టైమైపోతోంది" అన్నాను. అది తప్పని తెలియడానికి రిటైరయ్యే దాకా పట్టింది.

1. పాత మినీబస్సు కొని, బందరులో అబ్దుల్ జబ్బార్ గారి షెడ్డులో మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించుకున్న నా వ్యాను నా కొడుకు జేమ్స్‌కి చెందాలి. ఒరే జేమ్స్, రొయ్యల లారీ మీద నువ్వు అన్ని ఊళ్ళూ దాటుతున్నావు, ఎక్కడా దిగడం లేదు. నీ కూతురికి నువ్వు ఫోనులో గొంతుగానే తెలుసు. నాలాగే అయిపోతావేమోనని నాకు భయం. అందుకే బండి నీకు. ఏడాదికి పది రోజులు భార్యాబిడ్డలతో అందులో తిరగాలి. అమ్మకూడదు.

2. కృష్ణ ఒడ్డున నా స్వార్జితమైన పద్దెనిమిది సెంట్ల కొబ్బరితోట, బోరు, రెండు బాత్‌రూములతో సహా, కూతురు జెనిఫర్‌కి సర్వహక్కులతో చెందాలి. నా బండిలాంటి వ్యానుల్లో హంసలదీవి వెళ్ళేవాళ్ళు ఒకసారి నీళ్ళకోసం తోట దగ్గర ఆగారు. ఇప్పుడు పూణే నుంచి కూడా వచ్చి నాలుగేసి రోజులు ఉంటున్నారు. రూలు ఒకటే. వ్యాను తోటలో పెట్టి, ఊళ్ళు చూడ్డానికి పల్లెవెలుగు బస్సెక్కాలి. ఏ వీధిలో ఏం దొరుకుతుందో బస్సులో పక్క సీటులో కూర్చున్న ఊరావిడే చెబుతుంది. తోటను రొయ్యల చెరువుకి లీజుకివ్వకూడదు.

3. ఇల్లు సువార్తమ్మది. వ్యానులో కిటికీ పక్క సీటు కూడా బతికినంత కాలం ఆమెదే. మనవరాలైనా అడిగే కూర్చోవాలి. మేమింకా బంటుమిల్లి చూడలేదు. నా వల్ల కాకపోతే జేమ్స్ చూపించాలి.

4. వ్యాను కొన్ననాడు పక్కింటి అప్పయ్య, "ఏసుపాదానికి బొమ్మబండి మోజు పుట్టింది" అని చర్చి మెట్ల మీద అందరి ముందూ నవ్వాడు. నేను మర్చిపోలేదు. అదే అప్పయ్య ఇప్పుడు సాయంత్రమైతే తోట గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి దారి చెబుతున్నాడు. పాపం మోకాళ్ళ నొప్పులు. నా మడతకుర్చీ ఆయనకి.

5. జబ్బార్ గారికి ఏమీ రాయలేదు. సాక్షికి ఏదీ రాయకూడదని లాయరు గారన్నారు. "మీ కాగితం మీద నా సంతకం ఉంటే చాలండీ" అన్నారాయన. బండి రిపేర్లకి వాడే నా పానాల పెట్టె ముందే ఆయన చేతిలో పెట్టేశాను.

6. ఇదంతా అమలు జరిపించే బాధ్యత నాతో కండక్టరుగా చేసిన యలమందది. అతను "రైట్" అనందే నేనెప్పుడూ బండి కదపలేదు. నా పిల్లలూ కదపకూడదు.

ముసాయిదా జేమ్స్‌కి చదివి వినిపించాను. వినగానే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. మూడోరోజు లారీకి సెలవు పెట్టి, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని తోటకి వచ్చి, "నాన్నా, మొవ్వలో ఎక్కడ దిగాలి?" అని అడిగాడు. ఆ ఊరు మీ అమ్మకింకా బాకీయే, నాకూ తెలియదన్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. అందరం ఈరోజు బస్సెక్కి మొవ్వ వచ్చాం. సాక్షుల్నీ ఇక్కడికే రమ్మన్నాను.

సంతకం చేయబోతుంటే మా తిరుగు బస్సు వచ్చి హారను కొట్టింది. మనవరాలు ఇంకో వీధి చూడాలంది. డ్రైవరుని వెళ్ళిపొమ్మని నేనే చెయ్యి ఊపాను.

మొవ్వ బస్టాండు,
2025 నవంబరు 15, శనివారం.

(సంతకం) దారా ఏసుపాదం

సాక్షులు:
1. అబ్దుల్ జబ్బార్, బాడీ మెకానిక్, మచిలీపట్నం
2. నాగభూషణరావు, రిటైర్డు టీచరు, మొవ్వ