ఇంటికొక పర్మనెంటు

వడమాలపేట,
జూన్ 4

తిరుపతి స్థిరలక్ష్మి మ్యాన్‌పవర్ ఆఫీసులో కూర్చొని ఉన్నవారికి, పోస్టాఫీసు అరుగు కాడ నిలబడి రాస్తున్న చిన్నబ్బ దండాలు.

నేను మూడో తరగతి చదివినాను. నా రాత వంకర, మాట తిన్నన. ఎనిమిదేండ్ల కింద ఫ్యాక్టరీ వాళ్లు మా ఊరికి వచ్చి నా రెండెకరాలు తీసుకున్నారు. తీసుకునేటప్పుడు కాగితం మీద రాసిచ్చినారు, భూమి ఇచ్చిన ఇంటికి ఒక పర్మనెంటు ఉద్యోగం అని. మా పాప రూపశ్రీ ఆరేండ్లుగా ఆ ఫ్యాక్టరీలో ఒకే మిషను మీద పని చేస్తా ఉండాది. ఇన్నాళ్లూ పర్మనెంటు అనే అనుకున్నాను. మొన్న మెడలో కార్డు తిప్పి చూస్తే మీ ఏజెన్సీ పేరు ఉండాది, దాని కింద 'కొత్త' అని ఉండాది.

"ఏం పాపా, ఆరేండ్లకు కూడా కొత్తేనా?" అని అడిగినాను.

"పదకొండు నెలలకొక మాటు బ్రేకు ఇస్తారు నాయనా. రెండు దినాలు ఇంట్లో కూసోబెట్టి మళ్లా కొత్తగా చేర్చుకుంటారు" అనింది.

పాప నడిపేది మిషను, ఆర్టీసీ బస్సు కాదు. దానికి బ్రేకు ఎందుకు? ఆరు మాట్లు కొత్తగా చేరిందంటే మా ఇంట్లో ఆ బిడ్డ ఆరు మాట్లు పుట్టినట్టా? పుట్టిన పొద్దు నేను ఈడనే ఉండినాను. ఒక మాటే పుట్టింది.

ఎప్పుడు పర్మనెంటు చేస్తారో కాగితం మీద రాయండి. ఫోను చేయొద్దు. ఫోనులో చెప్పింది గాల్లో పోతాది.

ఇట్లు,
భూమి ఇచ్చిన చిన్నబ్బ

తా.క. మీ ఆఫీసు పేరులో 'స్థిరం' అనే మాట పెట్టింది ఎవురు? వాళ్లన్నా ఇంకా పనిలో ఉండారా?


తిరుపతి,
జూన్ 12

గౌరవనీయులు శ్రీ చిన్నబ్బ గారికి స్థిరలక్ష్మి మ్యాన్‌పవర్ సర్వీసెస్ తరఫున నమస్కారములు.

తమరి ఉత్తరం అందినది. తమరి కుమార్తె మా సంస్థ ద్వారా సరఫరా చేయబడిన మానవ వనరు. ఆమెను శాశ్వతం చేయు అధికారం మాకు లేదు. ఆ విషయమై తమరు ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌ను సంప్రదించవలెను. బ్రేకు అనునది చక్రములకు సంబంధించినది కాదనియు, సర్వీసుకు సంబంధించినదనియు గమనించగలరు.

భవదీయురాలు,
కృపారాణి
ఉద్యోగ సంబంధాల విభాగం

తా.క. స్థిరలక్ష్మి మా యజమాని గారి అమ్మగారి పేరు. ఆమె కూడా ఇప్పుడు లేరు.


వడమాలపేట,
జూన్ 21

అమ్మా కృపారాణీ, రాసింది ఆడబిడ్డ అని తెలిసినాక సగం కోపం దించుకొని చిన్నబ్బ రాసేది.

ప్రిన్సిపల్‌ను కలవమన్నావు. పుత్తూరులో ఒక కాలేజీ ఉండాది, పోయినాను. ఆయన గది ముందర మూడు గంటలు కూర్చోబెట్టినారు. పేరు భానుచందర్. మంచోడు, లోపలికి పిలిచి కుర్చీ వేసినాడు. "మా పాపను పర్మనెంటు చేయప్పా" అన్నాను. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పెద్దాయనా, ముందు నన్నెవురన్నా పర్మనెంటు చేస్తే, ఆ తర్వాత మీ పాప సంగతి సూస్తా. నేను గెస్టు లెక్చరర్ని. అసలు ప్రిన్సిపాలు లేడని నన్ను ఈ కుర్చీలో కూసోబెట్టినారు" అన్నాడు.

గెస్టంట! పదమూడేండ్లుగా ఆ కాలేజీకి చుట్టమంట. మన ఇండ్లల్లో చుట్టం నాలుగో దినం కూడా ఉంటే బస్సు ఎన్నింటికి అని అడుగుతాము. ఆయన్ను ప్రతి సంవత్సరం పరీక్షలు అయిపోతానే అడుగుతారంట.

నువ్వు రాసిన ప్రిన్సిపల్ అంటే కాలేజీ ఆయన కాదు, అసలు యజమాని, అంటే ఫ్యాక్టరీ అని ఆయనే చెప్పినాడు. ఫ్యాక్టరీకి పోయినాను. "నీ కూతురు ఏజెన్సీ మనిషి, పోయి ఏజెన్సీని అడుగు" అన్నారు. నువ్వు వాళ్లను చూపిస్తావు, వాళ్లు నిన్ను చూపిస్తారు. నడిమధ్యలో నేను పుత్తూరు షటిలు బస్సు మాదిరి తిరగతా ఉండాను. నేను రాసేది ఫిర్యాదు. అది తీసుకునే మనిషి ఎవురో రాయి.

ఇట్లు,
చెప్పులు అరిగిన చిన్నబ్బ

తా.క. నా ఉత్తరాల సంగతి తెలిసి రూపశ్రీ, "నాయనా, నువ్వు యాడా సంతకం పెట్టొద్దు, ఏ కాగితమైనా ముందు నాకు సూపించు" అనింది. బీకాం చదివినాదని పొగరు. ఆరు మాట్లు పుట్టినంత మాత్రాన నాకంటే పెద్దదైపోతాదా?


తిరుపతి,
జూలై 2

గౌరవనీయులు శ్రీ చిన్నబ్బ గారికి.

తమరి ఫిర్యాదును నమోదు చేయుటకు ఇందువెంట ఒక ఫారం జతపరచడమైనది. గీతలున్న ప్రతి చోట సంతకం చేసి, ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలతో తిరిగి పంపగలరు.

భవదీయురాలు,
కృపారాణి

తా.క. ఫారం ఇంగ్లీషులో ఉన్నది. మా వద్ద ఉన్నది ఈ ఒక్క రకం ఫారమే. ఏ పనికైనా దీనినే వాడుతాము.


వడమాలపేట,
జూలై 9

కృపారాణికి చిన్నబ్బ ఆశీర్వాదాలు.

ఫారం పంపినాను. తొమ్మిది గీతలు ఉండినాయి, తొమ్మిది సంతకాలు పెట్టినాను. ఫోటోకు మీసం దువ్వుకున్నాను. ఫిర్యాదు చేసేవాడు ఏడుపు మొహంతో ఉంటే ఎవురు పట్టించుకుంటారు?

ఇట్లు,
చిన్నబ్బ

తా.క. అందులో ఎత్తు ఎంత, ఛాతీ ఎంత అని అడిగినారని ఫోటో స్టూడియో పిల్లోడు చెప్పినాడు. ఫిర్యాదుకు ఛాతీ ఎందుకు? ధైర్యం కొలిచేదానికేమో అనుకొని, ఊపిరి బిగబట్టి కొలిపించి నలభై అని రాయించినాను.


తిరుపతి,
జూలై 25

గౌరవనీయులు శ్రీ చిన్నబ్బ గారికి అభినందనలు.

తమరి దరఖాస్తు పరిశీలించి, అదే ఫ్యాక్టరీలో తమరిని సెక్యూరిటీ గార్డుగా పదకొండు నెలల కాలానికి నియమించడమైనది. ఈ ఉద్యోగానికి వయోపరిమితి లేదు, నిలబడగలిగితే చాలును. భూమి ఇచ్చిన ఇంటికి ఒక్క ఉద్యోగమే అను నిబంధన ప్రకారం, తమరి కుమార్తె రూపశ్రీని సోమవారం నుండి విధుల నుండి తప్పించడమైనది.

భవదీయురాలు,
కృపారాణి

తా.క. పొరపాటు జరిగిందని నాకు తెలుసు. కంప్యూటరులో ఎక్కిన తప్పులు దిద్దే మనిషి ఒకరు ఉండేవారు. ప్రస్తుతం ఆయనకు బ్రేకు ఇచ్చారు.


వడమాలపేట,
ఆగస్టు 8

కృపారాణికి, ఫ్యాక్టరీకి బీగం వేసి వచ్చిన చిన్నబ్బ రాసేది.

నీ కాగితం వచ్చినాక పాప మూడు దినాలు నాతో మాట్లాడలేదు. నాలుగో దినం నేను నీలం చొక్కా తొడుక్కొని డ్యూటీకి పోయినాను. ఎందుకంటావా? బస్సు కిటికీలోనుంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాము గదా, అట్లా. నేను పోకపోతే మా ఇంటికి ఉండే ఆ ఒక్క సీట్లో కూడా ఇంకొకరు కూర్చుంటారు. పాప సీటు మీద నేను తువ్వాలును.

గేటు కాడ ఒక బోర్డు ఉండాది. తెలుగే. వేలు పెట్టి చదివినాను. 'ఈ కంపెనీ ఉద్యోగులు కానివారు లోపలికి రాకూడదు.' సరే అనుకున్నాను. ఏడు గంటల షిఫ్టుకు బస్సులు వచ్చినాయి. ఒక్కొక్కరినీ నిలబెట్టినాను.

"కంపెనీ మనిషివా, ఏజెన్సీ మనిషివా?"

"ఏజెన్సీ, తాతా."

"అయితే బయట నిలబడు."

క్యాంటీను వంటాయన ఏజెన్సీ. నర్సమ్మ ఏజెన్సీ. టై కట్టుకున్న ఇంజనీరు ఒకడు దిగి, "నన్నే ఆపతావా? నేనెవురో తెల్సునా?" అన్నాడు. "అదే గదప్పా నేను అడగతా ఉండేది, నువ్వెవురు?" అన్నాను. గొంతు దించి, "వేరే ఏజెన్సీ" అన్నాడు. అంతలో సెక్యూరిటీ సూపర్‌వైజరు వెంకటముని పరిగెత్తుకొని వచ్చినాడు.

"ఓయ్ పెద్దాయనా, ఏం సేస్తా ఉండావు? బోర్డు సదివి ఎవురన్నా డ్యూటీ సేస్తారా?"

"నువ్వు ఎవురి మనిషివి అబ్బా?"

"నేనా... నేను..."

ఆయన్ను కూడా రోడ్డు మీదికి పంపినాను. తొమ్మిదయ్యేసరికి రోడ్డు మీద నాలుగు వందల మంది. పుత్తూరు బస్సులు కదల్లేదు. లోపల మిగిలింది ప్లాంటు మేనేజరు ఒక్కడే, గెస్టు హౌసులో పండుకొని ఉండె. అప్పుడు తట్టింది నాకు, నేనూ ఏజెన్సీ మనిషినే గదా అని. న్యాయం అందరికీ ఒకటే. నేనూ బయటికి వచ్చి గేటుకు బీగం వేసినాను.

మేనేజరు లేచి వచ్చి, లోపలినుంచి కమ్ములు పట్టుకొని, "బీగం తియ్యవయ్యా!" అని అరిచినాడు. "మీకు ఏం భయం లేదు సార్, మీరు పర్మనెంటు. లోపలే ఉండండి" అన్నాను.

ఇట్లు,
గేటు చిన్నబ్బ

తా.క. నిన్ను అడగను మరిచిపోయినాను. నువ్వు పర్మనెంటేనా పాపా?


తిరుపతి,
సెప్టెంబరు 3

గౌరవనీయులు శ్రీ చిన్నబ్బ గారికి శుభవార్త.

తమరి విశేష క్రమశిక్షణను గుర్తించి, ఫ్యాక్టరీ యాజమాన్యం తమరిని తమ సంస్థలోనే శాశ్వత ఉద్యోగిగా నియమించుటకు నిర్ణయించినది. తద్వారా ఎనిమిదేళ్ల నాటి తన మాట నిలబెట్టుకొనుచున్నందుకు మిక్కిలి సంతోషించుచున్నది. జతపరచిన నాలుగు పేజీల ఒప్పందంపై సంతకం చేసి, సెప్టెంబరు 18వ తేదీ ఉదయం పది గంటలకు జరుగు సన్మానమునకు రాగలరు. తెల్ల చొక్కా ధరించవలెను. భూమి తీసుకున్నప్పుడు వ్రాసి ఇచ్చిన పాత కాగితం అసలు ప్రతిని వెంట తేవలెను.

భవదీయురాలు,
కృపారాణి

తా.క. మీరు అడిగారు కదా. ఈ ఆఫీసులో నా కుర్చీ పర్మనెంటు. నేను కాదు.

ఇంకొక తా.క. ఇది ఆఫీసు మాట కాదు, నా మాట. సంతకం పెట్టేముందు ఆ నాలుగు పేజీలూ రూపశ్రీ చేత చదివించుకోండి పెద్దాయనా.


వడమాలపేట,
సెప్టెంబరు 20

పాపా కృపారాణీ, పర్మనెంటు అయిన చిన్నబ్బ రాసేది.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. షామియానా వేసినారు. ఆ పొద్దు నేను బయట నిలబెట్టిన వాళ్లనందరినీ లోపల కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించినారు. మేనేజరు నా పేరు మైకులో చెప్పి ఒక కాగితం చేతికిచ్చినాడు. చప్పట్లు. ఫోటో. వెంటనే ఇంకొక కాగితం ఇచ్చి శాలువా కప్పినాడు. మళ్లా చప్పట్లు. కంపెనీలో ఏదైనా రెండు కాపీలు ఇస్తారేమో అనుకున్నాను. నా పాత కాగితం అడిగి తీసుకున్నారు. ఇచ్చినాను.

ఇంటికి వచ్చి రెండు కాగితాలూ పాప ముందర పెట్టినాను. "సదువుకో. మీ నాయన పర్మనెంటు. రేపే దీన్ని నీ పేరుకు రాసిచ్చేస్తా, భూమి రాసిచ్చినట్టు" అన్నాను. ఆ నమ్మకంతోనే సంతకాలు పెట్టినాను పాపా. నాకు ఉద్యోగం ఎందుకు?

రూపశ్రీ మొదట మనసులో చదువుకునింది. తర్వాత నోరు తెరిచింది.

"నాయనా, మొదటి దాంట్లో నిన్ను పర్మనెంటు చేసినారు."

"మరి!"

"రెండో దాంట్లో రిటైరు చేసినారు. వాళ్ల రూలు యాభై ఎనిమిది. నీకు అరవై తొమ్మిది. పదకొండేండ్ల కిందనే రిటైరైనట్టు రాసినారు."

నేను నవ్వినాను. నువ్వైనా నవ్వుతావు. పాప నవ్వలేదు. నా బ్యాగులోనుంచి ఒప్పందం కాపీ తీసి నాలుగో పేజీ తిప్పింది. ఈ ఇంటికి ఇస్తామన్న పర్మనెంటు ఉద్యోగం ఇచ్చేసినాము, ఇకమీదట ఈ ఇంట్లో ఎవురికీ ఏ హక్కూ లేదు, అని ఉండాదంట. దాని కింద నా సంతకం. అంత చక్కటి సంతకం నేను ఎప్పుడూ పెట్టలేదు.

చదివించుకోమని నువ్వు రాసినావు. నాకు రోషం వచ్చింది. అరవై తొమ్మిదేండ్ల మగోణ్ని, కూతురి చేత చదివించుకోమంటాదా అనుకున్నాను. సంతకం పెట్టిన పొద్దు పాప ఎదురుగానే కూర్చొని ఉండె. "ఇట్లియ్యి నాయనా, ఒక్క మాటు సూస్తా" అని చెయ్యి చాపింది. "నేను సదువుతా ఉండానులే" అన్నాను. నాలుగు పేజీలూ వేలు పెట్టుకుంటా, పెదవులు ఆడిస్తా, చదివినట్టు చేసినాను. ఒక్కొక్క పేజీ తిప్పేముందు తల కూడా ఆడించినాను పాపా. ఒక్క అక్షరం రాదు నాకు ఆ ఇంగ్లీషులో.

వాళ్లు తీసుకున్న ఆ పాత కాగితం ఒకటి ఉండబట్టే రూపశ్రీకి ఇన్నాళ్లూ ఆశ ఉండె. దాన్ని లేబరు ఆఫీసులో పెట్టి అడుగుదామని ఎవురితోనో మాట్లాడుకొని ఉండాదంట. నాతో చెప్పలేదు. చెప్తే నేనే ముందర పోయి అరుస్తానని చెప్పలేదంట.

అంతా అయినాక నన్ను నాలుగు మాటలు అనింటే బాగుండె. శాలువా మడిచి అటక మీద పెట్టి, "నాయనా, అన్నం తిను" అనింది. వచ్చే సోమవారం నుంచి శ్రీకాళహస్తి పక్క ఇంకో ఫ్యాక్టరీకి పోతా ఉండాది, ఇంకో ఏజెన్సీలో. పొద్దున అయిదింటికే బస్సు. ఆడ ముప్పై దాటినోళ్లను తీసుకోరంట. పాపకు ఇంకా అయిదు నెలలు ఉండాది.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వొక్కదానివే నిజం రాసినావు, అది కూడా తా.క.లో.

ఇట్లు,
చిన్నబ్బ

తా.క. ఒక్క సంగతి నాకు తేలడం లేదు, నువ్వు చదువుకున్నదానివి, తేల్చి రాయి. ఫ్యాక్టరీ వచ్చి ఎనిమిదేండ్లు. నేను రిటైరై పదకొండేండ్లు. పదకొండేండ్ల కింద ఆడ ఫ్యాక్టరీ లేదు, గేటు లేదు, మేనేజరు లేడు. నేను, మా ఆడామె నాగరత్నమ్మ చెనిక్కాయ చెట్లు పెరకతా ఉండినాము. అంటే వీళ్లు నన్ను రిటైరు చేసింది నా చేన్లోనుంచే గదా?