గోరింకలను తోలినదాన్ని

బావా,

రేపు నీ సంవత్సరీకం. నాకేమో ఒకచోట కాలు నిలవడం లేదు. నువ్వు పెంచిన లాన్ ఎండిపోతోంది. పొద్దున్న పట్టుకుని లాగితే గడ్డి చాపలా లేచి వచ్చింది. అడుగున వేళ్లు కొరుకుతూ తెల్లటి పురుగులు.

తప్పు నాదే. గోరింకలు గడ్డి పీకేస్తున్నాయని నువ్వున్నప్పుడూ తోలేదాన్ని, నువ్వు పోయాక ఏడాదంతా కర్రతో తోలాను. "ఏటే ఆ తోలడం? ఆటి పని ఆట్ని సెయ్యనీ" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావో! అవి పురుగుల కోసం వచ్చేవని ఇప్పుడు తెలిసింది.

"మందు కొట్టించీ వదినా" అంది పక్కింటి సూరమ్మ. వద్దన్నాను. మట్టి తిరగేసి, పురుగులను పైకి తీసి వరండాలో కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. నన్ను చూసి గోరింకలు గోడ దిగలేదు.

చివరికి నీ గళ్ళ చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. ఒకటి దిగింది. దగ్గు వస్తున్నా ఆపుకున్నాను.