భయం ఎప్పుడు మొదలైంది?

జూన్ 2
గైడ్ మేడమ్ ఫోన్ చేసింది. ఇంటర్వ్యూలు అద్భుతంగా వచ్చాయట. ఆడపిల్లలు సైన్సుకీ లెక్కలకీ ఎందుకు దూరమవుతున్నారన్నది నా థీసిస్. అమ్మాయిలందరూ భయం అన్నారు, అబ్బాయిల్లో ఒక్కడూ అనలేదు. ఇంత శుభ్రమైన రిజల్ట్ తన సర్వీసులో చూడలేదంది మేడమ్. నెలాఖరుకి సబ్మిట్ చేసెయ్యమంది. కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

జూన్ 5
బడిలో పై తరగతికి సబ్జెక్టులు ఎంచుకోవాలి. మా అమ్మాయి లెక్కలు వదిలేస్తానంది. ప్లేటు కడుగుతూ, మామూలుగా. పోయినేడాది దాకా సెలవుల్లో కూడా సరదాకి లెక్కలు చేసుకున్న పిల్ల. ఎందుకే అంటే భయమంది. ముందు నవ్వొచ్చింది, నా థీసిస్ నా ఇంట్లోనే నిజమైందని. తర్వాత గుండె జారిపోయింది.

జూన్ 6
బతిమాలాను. తిట్టాను. మళ్ళీ బతిమాలాను. గోడకి చెప్పుకున్నట్టే ఉంది. సబ్జెక్టులు రాసివ్వడానికి చివరి తేదీ పదిహేను.

జూన్ 8, పొద్దున
మా అమ్మాయికి వినిపించడానికి ధైర్యంగల పిల్ల ఒక్కతైనా దొరుకుతుందేమోనని ఇంటర్వ్యూ రికార్డింగులు పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ టైపిస్టు కొట్టిచ్చిన జవాబులే చదివాను. నా గొంతు నేను వినడం ఇదే మొదటిసారి. అబ్బాయిల్ని, లెక్కల్లో నీకేది ఇష్టం అని అడుగుతున్నాను. అమ్మాయిల్ని, లెక్కలంటే భయం ఎప్పుడు మొదలైంది అని.

ఒక పిల్ల భయం లేదండీ అంది. "పర్లేదమ్మా, మొహమాటపడకు. చెప్పు." నా గొంతే, తేనె పూసినట్టు. పాపం, ఏదో ఒకటి చెప్పకపోతే బాగోదనుకుందేమో, చిన్నప్పుడు కొంచెం ఉండేదండీ అంది. థాంక్యూ అన్నాను.

ఛీ.

జూన్ 8, మధ్యాహ్నం
ఆ ప్రశ్నలు బడులకి తీసుకెళ్ళే ముందు ఎవరి మీద ట్రై చేశాను? ఇంట్లో ఉన్న పిల్ల మీద. వంటగదిలో, బస్సులో, జడ వేస్తూ. ప్రశ్నలో ఒక్క మాట మార్చినా మళ్ళీ మొదటికి. చలికాలమంతా అదే పని. మొదట్లో నవ్వేది, నాకు భయమేంటమ్మా అనేది. నేను వదిలితేగా. నాకు కావాల్సిన జవాబు వచ్చేదాకా అడిగాను. వచ్చింది.

జూన్ 10
మేడమ్ గదికెళ్ళి ఇంటర్వ్యూలన్నీ మళ్ళీ చేస్తానని చెప్పాను. ఏ స్టడీలోనైనా కాస్త బయస్ ఉంటుంది, థీసిస్ చివర లిమిటేషన్స్‌లో ఒక పేరా రాసి పడెయ్యమంది. మా అమ్మాయి సంగతి కూడా చెప్పాను. ఇంకేం, ఇంకో కేసు దొరికిందిగా అంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. థీసిస్ ఆపేస్తున్నానని అక్కణ్ణించే మెసేజ్ పెట్టాను.

జూన్ 13
దానికి అంతా చెప్పేశాను. నీకు భయం లేదే, నేనే ఎక్కించాను అన్నాను. శ్రద్ధగా వింది.

"అయితే ఇప్పుడు భయం లేదని చెప్పాలా?" అంది.

జూన్ 14
రేపే ఆఖరు. ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. ఒక లెక్క చేసి టేబుల్ మీద వదిలేశాను, మధ్యలో కావాలనే ఒక మైనస్ ఎగ్గొట్టి. మంచినీళ్ళకని వచ్చింది. చూసింది. పెన్ను తీసుకుని దిద్దింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"రికార్డర్ ఎక్కడ పెట్టావమ్మా?" అంది.

లేదన్నాను. వంగి టేబుల్ కింద చూసింది.

జూన్ 15
బడి నుంచి వచ్చింది. ఏం ఎంచుకుందో అడగలేదు. అడగాలంటే నాకు భయం.