దేవుని కృపలో బాగుండా

ఆదివారం రాత్రి, నంద్యాల.

"బాగున్నా" అన్నంత మాత్రాన మనిషిని వదలొద్దని నిన్న సైకాలజీ క్లాసులో పిల్లలకు గట్టిగా చెప్పాను. ఈరోజు నేను పాస్టరుగా ఉన్న ఆళ్లగడ్డ చర్చిలో ఆరాధన అయ్యాక, ఈమధ్యే కొడుకు పోయిన సుగుణమ్మను నిద్ర పడుతోందా అని అడిగాను.

"దేవుని కృపలో బాగుండానయ్యగారూ."

పక్కనున్న తోడికోడలు ఊరుకోలేదు. "యాడ బాగుండాది? రాత్రంతా గోడకానుకోని ఏడుస్తాంది."

"అయ్యగారి ముందర అట్లంటారా? విశ్వాసం లేదనుకోరూ?" అని సుగుణమ్మ కసిరింది.

నంద్యాలలో నా కౌన్సెలింగ్ క్లినిక్కుకు రమ్మన్నాను. అక్కడ నేను పాస్టర్ని కానమ్మా అన్నాను.

"ఆడ కూసునేదీ మీరే గదయ్యా."



ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. "ఏందీ, మొగం అట్ల పెట్టుకున్నారు?"

"దేవుని కృపలో బాగుండా" అన్నాను.

ఆమె వదిలేసింది.