కుడివైపు మూడు చుట్లు

సెరంగూన్, ఫిబ్రవరి 3

పెద్దన్నయ్యకు చెల్లెలు సరోజిని నమస్కరించి రాసేది.

మీ బావగారు ఆదివారాల్లో క్రాంజీ తీరం అవతల నడిపే పాత పడవ నీకు గుర్తుందిగా. ఇంట్లో టీవీ ముందు "ఊఁ" తప్ప అనని మనిషి, ఆ పడవ ఎక్కితే నాతో గంటలకొద్దీ మాట్లాడతారు. ఇప్పుడు వేగం తగ్గిస్తే చాలు, మోటారు ఆగిపోతోంది. ఉగాదిలోపు బాగుపడకపోతే పడవ అమ్మేస్తానంటున్నారు. జురాంగ్ ఐలాండ్‌లో ఫ్యాక్టరీల పెద్ద యంత్రాలు చూసే మనిషికి మెకానిక్‌ను పిలవడం నామోషీ.

నలభై ఏళ్ళు పడవ మోటార్లు బాగుచేసినవాడివి. ఏం చెయ్యాలో రాయి, నేనే చేస్తాను. ఆయనకు చెప్పనని సత్యనారాయణస్వామి మీద ఒట్టు వెయ్యి.

నీ సరోజిని

తా.క. నీకు వినపడదు కనుక ఫోన్ చెయ్యలేను. మెసేజ్ పెడితే ఆయన చూస్తారు, మా మధ్య దాపరికాలు లేవు.

ఉప్పాడ, ఫిబ్రవరి 12

చెల్లి సరోజినికి ఆశీస్సులు.

ఒట్టు వేశాను. మోటారు మూత తీస్తే కార్బురేటర్ పక్కన స్ప్రింగు చుట్టిన చిన్న మర, అదే స్క్రూ, కనిపిస్తుంది. పడవ ఆగి ఉన్నప్పుడు మోటారు ఎంత వేగంతో తిరగాలో చెప్పేది అదే. పది నిమిషాలు నడిచి వేడెక్కాక, గేరు న్యూట్రల్‌లో ఉంచి, కుడివైపు పావు చుట్టు తిప్పు. చూసి, చాలకపోతే ఇంకో పావు.

అన్నయ్య సింహాచలం

తా.క. మోటారు వణుకు అరచేతితో చూడు. మీ వదిన అరుస్తోందో లేదో నేను భోజనాల బల్ల మీద చెయ్యి పెట్టే తెలుసుకుంటున్నాను.

సెరంగూన్, ఫిబ్రవరి 24

పూజ్యులైన అన్నయ్యకు,

మోటారు వేడెక్కుతుండగా ఆయన ఐస్ తేవడానికి వెళ్ళారు. అప్పుడు తిప్పాను. కుడివైపు అంటే ప్రదక్షిణమే కదా, పావులో ఆపడానికి మనసొప్పలేదు. మూడు పూర్తి చేశాను. మోటారు హోరెత్తింది. ఆయన పరుగున వచ్చి గేరు వెయ్యగానే పడవ ఎగిరి పక్క పడవను గుద్దింది. అందులోని చైనీస్ అంకుల్ "స్లో లా" అన్నాడు. చేతులు జోడించాను.

మరుసటి ఆదివారం చూస్తే మళ్ళీ ఆగిపోతోంది. నేను ముట్టలేదు అన్నయ్యా. మర తనంతట తాను వెనక్కి తిరుగుతుందా?

సరోజిని

తా.క. ఎడమవైపు తిప్పమని మాత్రం రాయకు.

ఉప్పాడ, మార్చి 5

చెల్లికి,

స్ప్రింగు ఉన్న మర తనంతట తాను తిరగదు. ఇంతకుమించి రాయడానికి ఒట్టు అడ్డొస్తోంది. ఈసారి పావు చుట్టే తిప్పు.

అన్నయ్య

తా.క. ప్రదక్షిణాలు గుడిలో చెయ్యి.

సెరంగూన్, మార్చి 20

అన్నయ్యకు,

పావు చుట్టే తిప్పాను. ఆ ఆదివారం మోటారు ఎంత నెమ్మదిగా, ఎంత చక్కగా నడిచిందో. ఆయన తన చిన్నప్పటి సంగతులు చెప్పారు. తరువాతి ఆదివారం నడి సముద్రంలో ఆగిపోయింది. వేరే పడవ వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. ఉగాదికి రెండు రోజుల ముందు పడవ అమ్మేశారు.

తప్పు నాదే. ఆ మొదటి రోజు మూడు చుట్లు తిప్పి ఏదో పాడుచేశాను. ఆయనకు చెప్పే ధైర్యం లేదు. టీవీ ముందు మళ్ళీ "ఊఁ" మొదలైంది.

సరోజిని

తా.క. "ఆ మరను నేనే పాడుచేశాను" అని ఆయన తనలో తాను గొణుక్కుంటున్నారు. పాపం, దాన్ని ముట్టనైనా లేదు.

ఉప్పాడ, మార్చి 30

చెల్లి సరోజినికీ, బావ విశ్వనాథం గారికీ కలిపి రాసేది.

ఒట్టు తప్పుతున్నాను. రెండు ఒట్లూ.

చెల్లీ, నీ మొదటి ఉత్తరం కంటే ఒక రోజు ముందే బావ ఉత్తరం వచ్చింది. మోటారు ఆగిపోతోంది, సరోజినికి తెలియకుండా బాగుచెయ్యాలి, ఒట్టు వెయ్యమన్నారు. "ఇంట్లో పూజ అయ్యాక సీరియల్, సీరియల్ అయ్యాక పూజ. నాతో మాట్లాడేది ఆ పడవలోనే" అని రాశారు.

ఓవర్‌టైమ్ అని చెప్పి బావ ప్రతి బుధవారం పడవ దగ్గరికే వెళ్ళారు. నీ మూడు చుట్లనూ నా జవాబు రాకముందే వెనక్కి తిప్పేసింది ఆయనే. మోటారు హోరెత్తిందని ఆయన రాస్తే ఎడమవైపు తిప్పమన్నాను. ఆ ఉత్తరం చేరేసరికి నువ్వు పావు చుట్టుతో బాగుచేసేశావు. బాగున్నదాన్ని బావ నా మాట విని తిప్పారు. మరకు ఏ జబ్బూ లేదు. ఇద్దరిలో ఒక్కరికి నేను ఒక్క మాట రాసి ఉంటే ఆ పడవ మీకే ఉండేది. దేవుడికి భయపడి మిమ్మల్ని ముంచాను. క్షమించండి.

ఈ ఉత్తరం ఒకరు పైకి చదవండి, ఒకరు వినండి.

సింహాచలం

తా.క. మర పావు చుట్టు కుడివైపు తిప్పాక మోటారు ఒక్కసారి కూడా ఆగలేదని పడవ కొన్నతను బావకు చెప్పాడట. అతనికింకా పెళ్ళి కాలేదు.