మూడు ఎర్ర గీతలు

నా చెంప పగలగొట్టే హక్కున్న ఒకే ఒక్క అక్కకి,

ఫోన్ చెయ్యొచ్చు కదా, ఈ కాగితాలేంటే అంటావు. ఫోన్‌లో నేను మొదటి మాట అనగానే నువ్వు "ఏమైందే?" అని అరుస్తావు, రెండో మాటకి నేను ఏడుస్తాను, ఇక మూడో మాట ఇద్దరికీ వినపడదు. ఉత్తరమైతే నోరు మూసుకుని చివరిదాకా చదవక తప్పదు నీకు. కూర్చుని చదువు.

బావకి క్షయ లేదేమో అక్కా.

హమ్మయ్య, రాసేశాను. ఎనిమిది రోజులుగా ఈ ఒక్క మాట బయటికి రాక చచ్చిపోతున్నాను.

బావ రెండు నెలల దగ్గుతో నా దగ్గరికొచ్చిన రోజు గుర్తుందిగా. "మన పిల్ల ల్యాబులో ఉండగా ఇంకో చోటికెందుకు?" అని నువ్వే పంపావు. మేం చేసే పని ఇదీ. కఫాన్ని గాజు పలక మీద పలచగా పూసి, ఆరబెట్టి, ఎర్రరంగు పోసి, ఆవిరి లేచేదాకా వేడిచేస్తాం. తర్వాత ఆమ్లంతో కడుగుతాం. అన్నిటికీ ఆ ఎరుపు వదిలిపోతుంది, క్షయ క్రిమికి మాత్రం వదలదు, అంత మొండిఘటం అది. చివర్లో నీలం పోస్తే, ఆ నీలంలో ఎర్రగా, సన్నని గీతల్లా దొరికిపోతుంది. ప్రతి పలకనీ విడిగా పెట్టి, విడిగా కడగాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నేర్పుతారు ఇది.

ఆ రోజు నలభై పలకలు ఉన్నాయి. బావ బయట బెంచీ మీద కూర్చుని పేగులు బయటికొచ్చేలా దగ్గుతున్నాడు. ఆ దగ్గు వినలేక, త్వరగా తేల్చి పంపేద్దామని, ఆరు పలకల్ని కలిపి ఒకే ఆమ్లం జాడీలో ముంచేశాను. బావ పలక పక్కనే ఒక లారీ డ్రైవరుది ఉంది. దాని నిండా ఎర్రగీతలే. దాని మీంచి ఊడిన క్రిములు జాడీలో తేలి పక్క పలకకి అంటుకోవచ్చు. బావ పలకలో నాకు కనిపించినవి మూడే మూడు గీతలు.

అంత తక్కువ కనిపిస్తే రెండో నమూనా అడగాలి. పరాయివాళ్లయితే అడిగేదాన్ని. సొంత బావ, మళ్లీ నాలుగు గంటలు బస్సులో తిప్పడం ఎందుకు, మందులు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది అనుకుని, జబ్బు ఉందని రాసి సంతకం పెట్టాను. ప్రేమట! నా ప్రేమ తగలెయ్య.

ఆ సాయంత్రం జాడీ కడుగుతుంటేనే నాకు అర్థమైంది. అప్పుడే పరుగెత్తుకెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ నెలాఖరుకి నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది, ఆ కాగితం హెడ్ మేడమ్ బల్ల మీద ఉంది. ఒక్క సంతకం పడనీ, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాను. నువ్వు రోజూ ఫోన్ చేసి బావని మేడమీది గదిలో ఉంచాననీ, కంచం గ్లాసూ వేరు చేశాననీ, మిల్లువాళ్లు పనికి రావద్దన్నారనీ, మందులకి వాంతులవుతున్నాయనీ చెబుతూనే ఉన్నావు. నేనేమో "ధైర్యంగా ఉండక్కా" అన్నాను. ఏ మొహం పెట్టుకుని అన్నానో!

అదే నమూనాతో పూసిన రెండో పలక ఒకటి, రంగు వెయ్యనిది, నా పెట్టెలో ఉంది. చాటుగా నేనే రంగు వేసి చూసుకోవచ్చు. కానీ అందులో ఏమీ లేదని తేలాక కూడా దాచిపెడతానేమోనని నా మీద నాకే భయంగా ఉంది. అందుకే ముందు ఈ ఉత్తరం డబ్బాలో వేస్తున్నాను. నీకు తెలిసిపోయాక నాకిక తప్పించుకునే దారి లేదు. రేపు పొద్దున్నే మేడమ్ దగ్గరికి వెళ్తున్నాను. మళ్లీ రాసేదాకా మందులు మాత్రం ఆపొద్దు, ఒకవేళ నిజంగానే ఉంటే?

నీ తోక

*

అక్కా,

నీ దగ్గర్నుంచి ఫోన్ లేదు. తిట్టినా బాగుండేది.

చెప్పేశాను. మేడమ్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, "ఎన్ని రోజులైంది?" అంది. తొమ్మిది అన్నాను. "జాడీలో ముంచడం తొందరపాటు. ఈ తొమ్మిది రోజుల్ని ఏమనమంటావు?" అంది.

ఆ రెండో పలకకి తన ముందే రంగు వెయ్యమంది. ఎర్రరంగు సగం వేళ్ల మీదే ఒలకబోసుకున్నాను. కడగడం మేడమే కడిగింది. తర్వాత సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ముప్పావు గంట తల ఎత్తలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చివరికి లేచి, "రా, నువ్వూ చూడు" అంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా నీలమే అక్కా. ఒక్క ఎర్రగీత లేదు.

అయినా ఆవిడ అంతటితో వదల్లేదు. మీ డాక్టరుకి ఫోన్ చేసి, బావ దగ్గర కొత్త నమూనాలు తీయించి పెద్ద ల్యాబుకి పంపించింది. ఇన్ని రోజుల మందులకి చచ్చిన క్రిమినైనా పట్టేసే పరీక్ష అది. నిన్న సాయంత్రం ఫలితం వచ్చింది. బావకి క్షయ లేదు. ఆ జాడీలోనే పలక ముంచిన ఒక టైలరుకీ లేదు, పాపం ఆయన కూడా అనవసరంగా మందులు మింగాడు. డ్రైవరుకి మాత్రం ఉంది.

మరి ఆ దగ్గేమిటంటావా? మిల్లులో బావ తూచే రంగుపొడి. గుడ్డకి వేసే కొన్ని రంగులు పొడిగా ఉన్నప్పుడు ఊపిరితిత్తులకి పడవట, రోజూ పీల్చేవాళ్లకి ఇలాగే ఉబ్బసం పట్టుకుంటుందట. క్షయ మందులకి దగ్గు తగ్గుతోందని మనం సంబరపడ్డాం కదా, మిల్లుకి వెళ్లకపోవడం వల్ల తగ్గిందది. ఆ తూకం గదిలోకి మాత్రం బావ ఇక అడుగు పెట్టకూడదు, రంగు తగలని పని ఏదైనా అడగమను. మందులు ఇవాళే ఆపమని మీ డాక్టరు చెబుతాడు.

నా పర్మనెంటు కాగితం వెనక్కి పోయింది. ఆరు నెలలు సూక్ష్మదర్శిని ముట్టుకోకూడదు, గాజుసామాను కడగాలి. ఏడుపు రాలేదు, నిజంగా. నన్ను క్షమిస్తావా అక్కా?

నీ తోక

*

ఒసే తోకా,

నీ మొదటి ఉత్తరం చదివాక ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాను. నోట్లోంచి ఏం వస్తుందో నాకే తెలియలేదు. రెండోది చదివి, ఏడ్చి, మెట్లెక్కి బావకి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "పోనీలే, చిన్నపిల్ల, భయపడింది" అన్నాడు. ఆయనంతే. నేను అంత మంచిదాన్ని కాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆయన్ని మేడ మీద పెట్టిన మూడో రోజునో నాలుగో రోజునో నా కూతురు నా కళ్లు కప్పి, నాన్నా నాన్నా అంటూ మేడ మీదికి ఎక్కేసింది. తలుపు దాకా వెళ్లింది. నేను వెనకాలే పరుగెత్తి, దాన్ని రెక్క పట్టి ఈడ్చుకొచ్చి కొట్టాను. మూడేళ్ల పిల్లని, వీపు మీద అయిదు వేళ్లూ తేలేలా కొట్టాను. లోపల్నుంచి ఆయన "కొట్టకే, కొట్టకే" అని అరుస్తూనే ఉన్నాడు, తలుపు మాత్రం తియ్యలేదు. మళ్లీ అది మెట్ల వైపు చూడలేదు.

డాక్టరు మందులు ఆపమన్న రోజున బావ స్నానం చేసి కిందికి దిగి, కూతురి వైపు చేతులు చాచాడు. పిల్ల, చీపురు పట్టుకున్న నా వెనక్కి వచ్చి నక్కి, "నాన్నా, రావద్దు! అమ్మ కొడుతుంది!" అని ఒకటే కేకలు. ఆయన ఆఖరి మెట్టు మీదే కూలబడిపోయాడు. ఇవాళ్టికి అయిదు రోజులైంది. ఆయన దగ్గరికి పిలిస్తే అది ముందు నా చేతుల వైపు చూస్తోంది.

నువ్వు దాచావు, నేను కొట్టాను. నిన్ను క్షమించానా లేదా అనే మాట అడగొద్దు. కడగాల్సింది గాజుసామానే కదా, వారం సెలవు పెట్టి రా. ఈ ఇంట్లో ఇప్పుడు అది భయం లేకుండా ఎవరి చెయ్యి పట్టుకుంటుందంటే నీదే. పట్టుకుని వాళ్ల నాన్న దగ్గరికి నడిపించు. అది ఆయన ఒళ్లో కూర్చున్నాక నీతో మాట్లాడతాను.

అక్క